పడుగు పాట

షోలాపూర్‌లో మా వాడ పక్క నాలా పొంగిన ఏడు మా సందులో పదకొండు మట్టిగోడలు కూలాయి. ముప్పై నాలుగు గుంట మగ్గాలుంటే ఇరవై ఆరింటి గుంటలు బురదతో నిండాయి. మనిషి ఒక్కడే పోయాడు. అప్పటికి వలస వచ్చిన మా వాళ్లు సొంత జిల్లా కరీంనగర్ వెళితే ఇంకా హైదరాబాదు రాష్ట్రానికి వెళ్లినట్టే. నాకప్పుడు నలభై రెండేళ్లు. బడి ముఖం చూడలేదు, పోగులు లెక్కపెడుతూ లెక్కలు నేర్చుకున్నాను. ఎవరి పడుగుకు ఎంత నూలు కావాలో వాడంతా నన్నే అడిగేది. వరద నష్టం కూడా నేనే అంకెల్లో చెప్పాను. అందులో ఆ మనిషిని ఒకటి అని వేసుకోవడం నా తప్పని తర్వాత తెలిసింది.

ఆ పోయినవాడు మా సందులో గంజిపాట పాడేవాడు. నేతకు ముందు పడుగును, అంటే బట్టలో నిలువునా ఉండే పోగులను, వీధి పొడవునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, అది ఆరేలోపు పొడుగాటి కుంచెలతో దువ్వాలి. కుంచెకు ఇద్దరు, పడుగుకు అటొకరు ఇటొకరు. నాలుగు కుంచెలకు ఎనిమిది మంది. అందరి అడుగూ కలిసి పడాలి. కలవకపోతే ఒకచోట గంజి ముద్ద కడుతుంది, ఇంకోచోట పోగులు అంటుకుని మగ్గం మీద తెగుతాయి. అతను పడుగు మొదట్లో నిలబడి చరణం ఎత్తుకుంటే వాళ్లు నడుస్తూ వంత పాడేవారు. సంతకు పోయే మొగుణ్ణి నాకేం తెస్తావని పెళ్లాం అడిగే పాట. చరణాలన్నీ అతనికే వచ్చు. మిగతావాళ్లకు వంత తప్ప ఏమీ రాదు.

అతని భార్యను నేను వదినా అని పిలిచేవాణ్ణి. మగ్గం ఆమెది కాదు, మగ్గాలు పెట్టి నేయించే ఆసామిది. దసరాలోగా మగ్గం ఆడకపోతే ఆ చోటు ఇంకో కుటుంబానికి ఇస్తానని ఆసామి చెప్పి వెళ్లాడు. అప్పుడామె పెద్దబావ ఊరికి పోయి పొలంలో కూలి చెయ్యాలి. ఆమె పుట్టింది షోలాపూర్‌లోనే. నేయడానికి తమ్ముడున్నాడు. అటక మీద ఉండి తడవకుండా మిగిలిన నూలు ఒక్క పడుగుకు సరిపోతుంది. అది చెడితే మళ్లీ నూలు లేదు.

గంజి పెట్టే రోజు వచ్చింది గానీ పాడేవాడు లేడు. పాట అక్కర్లేదన్నాను నేను. పడుగు చివరి నుంచి చివరికి అరవై నాలుగు అడుగులు, నేను అంకెలు పలుకుతాను, మీరు నడవండి అన్నాను. నా లెక్క ఎప్పుడూ తప్పలేదు కనుక అందరూ ఒప్పుకున్నారు.

పొద్దున్నే కొంతం చౌక్ నుంచి తెచ్చిన జొన్నపిండితో గంజి కాచారు. వదిన గుమ్మం ముందు కట్టిన పడుగు మొదట్లో నిలబడి నేను ఒకటి, రెండు అని మొదలుపెట్టాను. మొదటిసారి బాగానే నడిచారు. చివర వెనక్కి మళ్లే చోట రెండు కుంచెలు కొట్టుకున్నాయి. రెండోసారి వెనకవాళ్లు ముందువాళ్ల మడమలు తొక్కారు. ఇది గంజి పెట్టడమా, పల్టన్ కవాతా అని ఒకడు గొణిగాడు. ఎండ ఎక్కుతోంది, గంజి ఆరిపోతోంది. నేను ఇంకా వేగంగా పలికాను. చివరికి ముందు కుంచె పట్టినవాడు ఆగిపోయాడు.

"లెక్క మంచిగనే ఉన్నదే అన్నా. మరి మేం ఊపిరెప్పుడు తీసుకోవాలె?"

అప్పుడు ఓరగా వేసిన తలుపు వెనక నుంచి చరణం వినబడింది. వదిన గొంతు. బొంగురుగా, చిన్నగా ఉంది. ఇరవై ఏళ్లు గుమ్మంలో కూర్చుని నూలు కండెలు చుడుతూ విన్న పాట అది. చరణం చివరి మాటను ఆమె సాగదీసింది. ఆ సాగుడులోనే ఎనిమిది మందీ కుంచెలు ఎత్తి, ఊపిరి తీసుకుని, వెనక్కి తిరిగారు. నేను నోరు మూసుకున్నాను. మొదటి వంతకు ఒక్క గొంతే కలిసింది. మూడో చరణానికి ఎనిమిదీ కలిశాయి. కొందరి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

మూడో వంతు పని మిగిలి ఉండగా మా సందు పెద్దాయన వచ్చాడు. చేతికర్ర నేలకేసి కొట్టి తలుపు వైపు చూశాడు.

"ఇంకా నెల మాసికం గాలే. ఇంట్ల దీపం ముంగట కూసోవాల్సిన ఆడది వీధికి పాడుడేంది?"

పాట ఆగింది. కుంచెలు గాలిలో ఆగాయి. తలుపు వెనక నుంచే వదిన అంది.

"ఆయన పడుగు మామా. అయిపోనియ్. గంజి ఆరుతున్నది."

పెద్దాయనా నేతగాడే. ముప్పై ఏళ్లు కుంచె పట్టినవాడు. దగ్గరికి వచ్చి పడుగు మీద అరచెయ్యి వేసి, అక్కడక్కడా తడిమి చూశాడు. తర్వాత మా వైపు తిరగకుండానే అన్నాడు.

"ఈడ పచ్చిగున్నది. ఇటు రాండ్రి."

తలుపు వెనక చరణం మళ్లీ మొదలైంది.

నేను అంకెలు పలుకుతుండగా గంజి ఆరిపోయిన చోట్ల మగ్గం మీద అరవై మూడు పోగులు తెగాయి. ఆమె తమ్ముడి పక్కన కూర్చుని వాటిని నేనే అతికాను. ఆమె పాట మీద దువ్విన మిగతా చోట్ల తెగినవి తొమ్మిది. దసరాకు నాలుగు రోజుల ముందు ఆ మగ్గం ఆడింది. ఆసామి వచ్చి గుంట దగ్గర నిలబడి, మగ్గం ఆడటం చూసి వెళ్లిపోయాడు. చోటు ఆమెకే ఉండిపోయింది. తర్వాత మూడు నెలల్లో మా సందులో పందొమ్మిది పడుగులకు గంజి పట్టాం. ఎవరి పడుగైనా దాని మొదటి కొస, ఆమె పాట వినబడేలా, ఆమె గుమ్మం ముందే కట్టేవాళ్లం. నేను నాలుగో కుంచె పట్టేవాణ్ణి.