సీసాలమ్మ

మా పెద్దత్త నీటి పరీక్షల ల్యాబులో చేరిన తొలి ఆడమనిషి. సూక్ష్మజీవుల శాస్త్రంలో పట్టా పుచ్చుకుని వెళ్తే, అధికారి ఆమెకు సీసాలు కడిగే పని అప్పగించాడు. ఆడవాళ్ల చేతికి శుభ్రం ఎక్కువట. ఆఫీసంతా సీసాలమ్మ అని పేరు పెట్టేసింది. ఆ పేరు వింటే నాన్నమ్మకి ఒళ్లు మండేది. సారా కొట్టు నడుపుతున్నట్టుంది అనేది.

పరీక్షల బల్ల దగ్గరికి రావడానికి అత్తకి ఏళ్లు పట్టింది. వచ్చాక ఒక సంగతి మింగుడుపడలేదు. ఊళ్లో పిల్లలు వాంతులూ విరేచనాలతో ఆసుపత్రి పాలవుతున్నారు. కుళాయి నీళ్లు మాత్రం ఎప్పుడు చూసినా శుభ్రమనే తేలుతున్నాయి. నీళ్లలో కలిపిన క్లోరిన్ సీసాలోకి వచ్చాక కూడా క్రిములను చంపుతూనే ఉంటుంది. ల్యాబుకి చేరేసరికి చూడ్డానికి ఏమీ మిగలదు. అందుకే క్లోరిన్‌ని విరిచేయడానికి ముందుగానే సీసా అడుగున కాస్త తెల్లటి పొడి వేస్తారు. అత్త దాన్ని స్వయంగా వేసేది. మరి లోపం ఎక్కడ?

నీళ్లు పట్టుకొచ్చే ఆయన్ని అడిగింది.

"మీరు సీసాల్లో సబ్బు వదిలేస్తున్నారండీ. మీకు మాట రాకూడదని నేనే బాగా కడిగి పడుతున్నా," అన్నాడాయన ఎంతో అభిమానంగా.

అత్త తల పట్టుకుంది. ఇకమీదట తనే వెళ్లి పడతానంది. ఆడమనిషి జీపులో ఊరంతా తిరిగితే బాగుండదన్నాడు అధికారి. ఆమె నడుచుకుంటూ ఆసుపత్రి సందులోని కుళాయి దగ్గరికి వెళ్లి పట్టుకొచ్చింది. మర్నాడు గాజు పళ్లెం నిండా క్రిముల మచ్చలు.

అధికారి చూశాడు. "చేతులు కడుక్కునే పట్టావా అమ్మాయ్?"

మా పాపాయికి నీళ్లు కాచి చల్లారుస్తున్నప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

అత్త వదల్లేదు. రోజూ అధికారి గది గుమ్మంలో నిలబడి ఆయన్ని విసిగించి, చివరికి ఆ కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది. పొడి ఆయన చేతే వేయించి, నీళ్లు ఆయన చేతే పట్టించింది. తను సీసా ముట్టుకోలేదు. మళ్లీ అవే మచ్చలు. మురుగు ఎక్కడ కలుస్తోందో ఇక భూమిలో గొట్టాలు తవ్వి చూడక వీళ్లకి తప్పదనుకుంది.

"నువ్వన్నది నిజమేనమ్మా. ఆ కుళాయి మంచిది కాదు," అని అధికారి దానికి తాళం వేయించాడు.

మర్నాడు అత్త పక్క సందులో కుళాయి దగ్గరికి బయల్దేరింది. అధికారులు మారారు. ఒక్కొక్కరి చేతా ఒక్కో కుళాయి నీళ్లు పట్టించేసరికి ఆమె ఉద్యోగ కాలం అయిపోయింది. గొట్టాలు తవ్వింది ఆ తర్వాతే.