కుప్పలో చెయ్యి

బిర్ సల్లూమ్ ఊళ్ళో శాద్లీ నాలుక గురించి చెప్పుకునే కథల్లో సగం అబద్ధాలు. మిగతా సగం శాద్లీ స్వయంగా చెప్పినవి. చుక్క ఆలివ్ నూనె నాలుక మీద పడితే చాలు, అది ఏ వాలులో కాసిందో, ఆ చెట్టు కింద ఒంటె పడుకుందో మేక పడుకుందో, కాయలు దులిపిన కోడలు ఆ పొద్దున అత్తతో పోట్లాడిందో లేదో కూడా చెప్పేవాడట. ఒకసారి సఫాక్స్ పట్నం వర్తకుడొకడు జాడీలో గరిటెడు సోయా నూనె కలిపి తెస్తే, వీధి అవతల మంగలి కుర్చీలో ఉన్న శాద్లీ ఫెళ్ళున తుమ్మాడనీ, ఆ తుమ్ముకి వర్తకుడు బండి తిప్పుకుని పారిపోయాడనీ ఊరంతా ఒట్టేసి చెబుతుంది. తుమ్మిన మాట నిజమే. ఆ వారమంతా అతనికి జలుబన్న సంగతి మాత్రం ఊరు చెప్పదు.

నాలుక పేరుకి మాత్రమే. అసలు పని చేతిది. చలికాలం మొదట్లో కాయలు దులపగానే ఏ ఇంటి కాయలు ఆ ఇంటివాళ్ళు గానుగ పెరట్లో కుప్ప పోసి, ఉప్పు చల్లి, గోనె కప్పి ఉంచుతారు. కొన్ని వారాలయ్యాక శాద్లీ వస్తాడు. ఉన్ని అంగీ చెయ్యి పైకి మడిచి, కళ్ళు మూసుకుని, మోచేతి దాకా కుప్పలో దింపుతాడు. చల్లగా తగిలితే "ఇంకా" అంటాడు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెలా వెచ్చగా తగిలితే "పండింది" అంటాడు. ఆ మాట పడ్డాకే గానుగ తిరుగుతుంది. అంతకుముందు వాళ్ళ నాన్న చెయ్యి అదే పని చేసింది.

బడిలో శాద్లీ నేర్చుకున్నదల్లా బడి గోడ ఎంత ఎత్తో. రోజూ దూకేవాడు మరి. నేర్చుకోవలసింది పన్నెండో ఏటికే అయిపోయిందనీ, మిగిలింది ఇతరులకు చెప్పడమేననీ అనేవాడు. అరవై దాటాక కూడా అదే మాట.

ఆ ఏడు శాద్లీ కొంప ముంచింది మన్నూబియా. భర్త పోయాక ఊరి ఆడవాళ్ళందర్నీ కూడగట్టి సహకార సంఘం పెట్టిందామె. ఊరి నూనెని డబ్బాల్లో పోసి సముద్రం అవతలికి పంపితే, డబ్బాలు వెళ్ళినంత వేగంగానే వెనక్కొచ్చాయి. ముక్కిన వాసన, తినడానికి పనికిరాదు అన్నారట. మన్నూబియా ఏడవలేదు, తిట్టలేదు. నగరం వెళ్ళి రీమ్ అనే అమ్మాయిని తీసుకొచ్చింది. నూనె రుచి చూడటమే ఆ అమ్మాయి ఉద్యోగం. వారానికి రెండు సాయంత్రాలు పాత బడిలో పాఠం చెబుతుందనీ, పెద్దాచిన్నా ఎవరైనా రావచ్చనీ చాటింపు వేయించారు.

శాద్లీకి విషయం ఇట్టే అర్థమైపోయింది. కాఫీ దుకాణంలో గొంతు తగ్గించి చెప్పాడు.

"నగరంలో నూనె కంపెనీవాళ్ళే పంపారు దాన్ని. మన నూనె చెడ్డదని మన నోటితోనే అనిపిస్తారు. తర్వాత సబ్బు నూనె కింద కారుచౌకగా కొంటారు. బుల్లి సీసాల్లో పోసి అత్తరులా అమ్ముకుంటారు."

"ఆధారమేమన్నా ఉందా?" అన్నాడు దుకాణం యజమాని.

"ఒక్కటీ దొరకలేదు. ఎంత జాగ్రత్తగా చేస్తున్నారో చూశావా మరి?"

అందరూ తలలూపారు. శాద్లీ పెదనాన్న కొడుకు తీజానీ అందరికన్నా గట్టిగా ఊపాడు.

దొంగని పట్టాలంటే దొంగ ఇంటికే వెళ్ళాలి కదా. అలా వెళ్ళాడు శాద్లీ, తాను ఒకప్పుడు దూకిన బడికి, ఈసారి గుమ్మంలోంచి. బల్ల మీద నీలం గాజు గ్లాసులు మూతలు పెట్టి ఉన్నాయి. చూడగానే అతని మీసం అదిరింది.

"నీలం ఎందుకు?"

"రంగు కనపడకుండా ఉండటానికి, బాబాయ్," అంది రీమ్.

"అదీ! దాచేది ఏదో ఉందన్నమాట."

"పచ్చగా ఉంటే మంచిదనీ, పసుపైతే కాదనీ కన్ను ముందే తీర్పు చెప్పేస్తుంది. అందుకని కన్నుకి గంతలు."

నోరు కడుక్కోవడానికని పుల్లటి ఆపిల్ ముక్క ఇస్తే, నాలుక మొద్దుబార్చే మందు పూశారేమోనని జేబులో వేసుకున్నాడు. ఇంటికెళ్ళి గాడిదకి పెట్టి చూశాడు. గాడిద తిని ఇంకోటి అడిగింది. అయినా అతని అనుమానం తీరలేదు. గాడిదకి నూనె రుచేం తెలుస్తుంది?

తర్వాతి పాఠానికి ఉచ్చు పన్నాడు. భార్య బేయా దాచుకున్న పెద్ద జాడీలోంచి రెండు మందు సీసాల నిండా నూనె పట్టాడు. ఒకటి ఆ రోజు ఇచ్చి అవతలి లోయదన్నాడు. ఇంకోటి నాలుగు రోజులాగి ఇచ్చి, మేనమామ ఊరిదన్నాడు. రెండుసార్లూ రీమ్ మూత తీసి వాసన చూసి, గుటక వేసి, ఒకే మాట అంది: "ఉడుకెత్తింది." రెండోసారి నవ్వి, "మీ మేనమామా ఆ లోయవాళ్ళూ ఒకే జాడీ వాడతారా బాబాయ్?" అని కూడా అడిగింది.

శాద్లీ తిన్నగా ఇంటికొచ్చి బేయాని నిలదీశాడు.

"ఆ పిల్లకి నువ్వేమన్నా చేరేశావా?"

"ఏమయ్యా, నువ్వు నాకేదన్నా చెబితే కదా నేను ఇంకొకరికి చేరెయ్యడానికి? నా జాడీ మాత్రం రెండు వేళ్ళు దిగింది. దాని సంగతి చెప్పు ముందు."

ఆ తర్వాతి సాయంత్రం రీమ్ అతని ముందు రెండు గ్లాసులు పెట్టింది. మొదటిది నాలుక మీద చేదుగా పాకి, గొంతులో మిరపకాయలా మండింది. శాద్లీ దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నాడు. రెండోది మెత్తగా దిగింది.

"మొదటిది పచ్చి విషం. రెండోది నూనె. ఇందులో మా అమ్మ వంటగది ఉంది," అన్నాడు.

"మా నాయనమ్మ వంటిల్లూ ఇదే వాసన బాబాయ్. దీన్ని చెడ్డదని మొదటిసారి అన్న రోజు నాకు అన్నం సయించలేదు." ఆ అమ్మాయి రెండు గ్లాసులూ దగ్గరికి జరిపింది. "మొదటిది చెట్టు నుంచి తెచ్చిన రోజే ఆడించింది, ఆ చేదూ మంటా మంచి నూనె గుర్తులే. రెండోది కుప్పలోది. కుప్పలో కాయకి ఊపిరాడదు. లోపల్లోపల కుళ్ళడం మొదలవుతుంది. అప్పుడే వేడి పుడుతుంది. ఉడుకెత్తడమంటే అదే."

"ఎంత వేడి?"

"చెయ్యి పెడితే తెలిసేంత."

శాద్లీ కుడిచెయ్యి తనంతట తానే అంగీ లోపలికి వెళ్ళిపోయింది.

నమ్మాడా అంటే నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే పెరట్లో తన కుప్ప లోతుల్లోంచి, వెచ్చటి చోటునించి, గుప్పెడు కాయలు తీశాడు. అప్పుడే దులిపిన కాయలు మరో గుప్పెడు. కత్తితో చీరి చూశాడు. దులిపినవి లోపల లేతగా ఉన్నాయి. కుప్పలోవి గోధుమరంగు తిరిగి, వేలికి జిగటగా అంటుకుని, పులిసిన వాసన కొట్టాయి. ఇన్నేళ్ళలో కుప్పలోని కాయని చీరి చూడాలని అతనికి ఎప్పుడూ తోచలేదు. చెయ్యి చెప్పాక ఇంక చీరడమెందుకు? ఆ పిల్లే వచ్చి కాయలు మార్చి పోయిందేమోనని ఒక్క క్షణం అనిపించింది. కుప్ప చుట్టూ ఆడ చెప్పుల జాడ కోసం వెతికాడు కూడా. తన చెప్పుల జాడ తప్ప ఏదీ లేదు.

పాఠాలకు వెళ్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఎవర్ని పట్టుకోవడానికి వెళ్తున్నాడో అతనికే సరిగ్గా తెలియదు. ఓ ఉదయం రొట్టె ముక్క జాడీ నూనెలో ముంచి నోట్లో పెట్టుకోబోతుండగా ఉడుకు వాసన గుప్పుమంది. నిన్నటి దాకా అమ్మ వంటగదిగా ఉన్నదే. రొట్టె పక్కన పెట్టేశాడు.

"నా పొద్దుటి తిండి కూడా లాగేసుకుంది ఆ పిల్ల," అన్నాడు.

"నిన్నెవరు వెళ్ళమన్నారు?" అంది బేయా.

"అదే నాకూ అంతుపట్టట్లేదు."

ఆ ఏడాది మొదటి కుప్పలు చూసే రోజు వచ్చింది. పెరడు నిండిపోయింది. మన్నూబియా గానుగ మీట దగ్గర నిలబడి ఉంది. అందరి చూపూ శాద్లీ మీదే. ఎప్పటిలా "పండింది" అంటే పేరు పదిలంగా ఉంటుంది, మన్నూబియా డబ్బాలు మళ్ళీ వెనక్కొస్తాయి. ఇంకోమాట అంటే తన పేరూ నాన్న పేరూ ఒకే గుంటలో పడతాయి. సమాధిలో ఉన్న నాన్నని ఎవరూ అడగరు. అడిగేది తననే.

అంగీ చెయ్యి మడవకుండానే అన్నాడు:

"ఈ కుప్పలు చెడిపోయాయి. కాయ దులిపిన రోజే ఆడించండి. ఇకమీదట కుప్ప పొయ్యొద్దు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పెరడంతా గోల.

"నిరుడు మా కుప్పలో చెయ్యి పెట్టి బంగారమన్నావు!"

"నిరుడు నాకు తెలీదు."

తీజానీ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "ఒరేయ్ శాద్లీ, దాపరికమెందుకురా? ఎంతిచ్చారు? నిన్న గాక మొన్న అది కంపెనీ మనిషన్నది నువ్వే. నీకేదో ముట్టింది."

శాద్లీ అల్లిన కథ అతని మెడకే చుట్టుకుంది. ప్రమాణం చేస్తే నమ్మరు. కోప్పడితే అసలే నమ్మరు. అటువైపు తానున్నా నమ్మేవాడు కాదు.

అప్పుడు హల్లూమా అనే ముసలమ్మ తన గాడిదని ముందుకు తోలుకొచ్చింది. దాని మీద పొద్దున దులిపిన కాయల బస్తాలు రెండున్నాయి.

"నా గోల నాదిలే నాయనా. నాకున్న చెట్లే అయిదు. ఇవి ఇప్పుడే ఆడిస్తే ఆ నూనె వచ్చే చలికాలం దాకా నిలుస్తుందా? ఆ మాట చెప్పు."

నూనె గురించి ఎవరేం అడిగినా శాద్లీ జవాబు చెప్పకుండా ఎప్పుడూ ఉండలేదు. ఒంటె పడుకున్న చెట్టు గురించి కూడా చెప్పినవాడు. ఏదో ఒకటి అనబోయి, ఆగి, అన్నాడు:

"తెలీదు హల్లూమా."

"తెలీదా?"

"అంతదాకా పాఠం రాలేదు. అడిగి చెబుతా."

పెరట్లో గోల ఆగిపోయింది. ఆ నోటి నుంచి ఆ మాట ఎవరూ విని ఉండలేదు. మన్నూబియా కూడా మీట మీద చెయ్యి అలాగే ఉంచి చూస్తోంది. తీజానీ కళ్ళు చిట్లించి శాద్లీని కిందినుంచి పైదాకా, బేరమాడే పశువుని చూసినట్టు చూశాడు.

"వీణ్ని కొనలేదర్రా," అన్నాడు చివరికి, కాస్త నిరాశగా. "డబ్బు తిన్నవాడైతే నిలుస్తుందనే అంటాడు. పదేళ్ళు నిలుస్తుందంటాడు."

హల్లూమా బస్తా మూతి విప్పింది. శాద్లీ రెండో చివర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కాయలు గానుగ తొట్టిలో కుమ్మరించారు.

"ఆడించండి," అన్నాడు తీజానీ. అన్నవాడు ఇంటికి పోలేదు. తొట్టి పక్కనే బల్ల లాక్కుని కూర్చుని, ఒక్కో కాయనీ అనుమానంగా చూడసాగాడు.