ఐమూల గుడ్డ

విరిగే చప్పుడంటే నాకిష్టం. ఇది ఎవరికీ చెప్పలేదు; రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. నలుగురిలో నోరు విప్పని పిల్లనని అందరికీ తెలుసు. కడోదరాలోని మా సైకిల్ ఫ్రేముల షెడ్డులో నా పని మాత్రం సైకిళ్లను చంపడం.

కార్బన్ గుడ్డకు జిగురు పట్టించి, పొరలుగా అచ్చులో పరిచి, వేడిపెట్టి ఫ్రేములు చేస్తాం. తయారైనదాన్ని ఇనుప చట్రానికి బిగించి నేను మీట లాగుతాను. పైనుంచి బరువు పడుతుంది. కార్బన్ ఇనుములా వంగదు; ఎముకలా ఫట్‌మని విరిగి నల్లటి ముళ్లు కక్కుతుంది. పగలంతా నేను మింగిన మాటలు ఆ ఒక్క చప్పుడులో బయటపడేవి.

గుడ్డ పరిచేది మా బాపు. ఆయన బట్ట నేసే సాంచాలు, అంటే మరమగ్గాలు, మూతపడ్డాక మేం వలసొచ్చి ఉంటున్న డిండోలిలో గోడకేసి చూస్తూ నెలలు గడిపాడు. ఈ పని దొరికాకే మళ్లీ గడ్డం గీసుకున్నాడు.

తర్వాత జిగురులో గ్రాఫీన్ కలపడం మొదలైంది. పెన్సిల్ ముల్లులోని నలుపే, కంటికి ఆనని రేకులుగా విడదీసింది. పగులు పాకుతుంటే ఆ రేకులు అడ్డుపడతాయట. అందుకే ఒక పొర తగ్గించి, ఫ్రేమును తేలిక చేయమన్నారు. ఆ కలిపిన జిగురును బాపు గంజి అనేవాడు.

"పడుగుకు పెట్టినట్టే. గంజి మంచిగుంటే పోగు తెగది."

అలా చేసిన మొదటి ఫ్రేము మొదటి దెబ్బకే ముక్కలైంది. ఎగిరిన ముల్లొకటి నా చెంపను చీరింది. సూపర్‌వైజర్ వచ్చి బాపు కాలరు పట్టి గోడకేసి గుద్దాడు.

"బుడ్ఢే, హాత్ తోడ్ దూంగా! కల్ సే మత్ ఆనా!" చేతులు విరగ్గొడతానని, రేపట్నుంచి రావద్దని అరిచాడు.

బాపు విరిగిన ఫ్రేము గొట్టం ముక్క అందుకుని, ఆ ముళ్ల కొసను అతని గొంతుకు ఆనించాడు. "ఇంకోపారి చెయ్యెత్తు, చూస్త." పట్టుకున్న చోట బాపు అరచేయి తెగి, రక్తం మోచేతి దాకా కారుతోంది.

నా కళ్లు గొట్టం మీదే ఉన్నాయి. విరిగినచోట పోగులు నిలువుగా ఉన్నాయి. గొట్టం మెలి తిరగకుండా పట్టే ఆ పొరలో పోగులు ఐమూలగా, ఏటవాలుగా ఉండాలి. మందంగా ఉన్న పాత ఫ్రేముల్లో ఆ తప్పు దాగింది.

"బాపూ! బట్ట సీదా చేసినవ్!"

అరిచింది నేనేనని నమ్మడానికి నాకే కాసేపు పట్టింది.

"చెయ్యనా మరి? వంకర పరిస్తే నేతోని ఇజ్జత్ ఉంటదా? చెయ్యే సదురుతదే, నేనేం జెయ్యాలె?"

కొత్తగా కలిపిన గ్రాఫీన్ తప్పు కాదని, ఇంకొకటి చేయనివ్వమని సూపర్‌వైజర్‌కు హిందీలో చెప్పాను. షెడ్డు యజమాని శేఠ్‌కు ఏం చెప్పాలో అతనికీ తెలియదు. కాలరు వదిలాడు; బాపు గొట్టం దించాడు.

"ఏక్ ఔర్. బస్."

మర్నాడు పక్కనే నిలబడ్డాను. బాపు వేళ్లు గుడ్డను సరిచేయబోయిన ప్రతిసారీ వాటి మీద ఒక్కటిచ్చాను.

"కన్నతండ్రిని కొడుతున్నవే!"

మళ్లీ కొట్టాను.

వేడి చల్లారాక ఫ్రేమును బిగించి మీట లాగాను. షెడ్డు అదిరింది. ఫ్రేము ఊగి నిలబడింది. బరువును ఇంకా పైకెత్తి వదిలాను. ఇంకోసారి, ఇంకా పైనుంచి. సూపర్‌వైజర్ పగులు కోసం వేలితో అంతా తడిమాడు. ఏమీ దొరకలేదు. "కల్ టైమ్ పే ఆనా" అని, రేపు టైముకు రమ్మని మాత్రం బాపుతో చెప్పి వెళ్లిపోయాడు.

నేనింకా మీట వదల్లేదు. బాపు కట్టు కట్టిన చేత్తో నా గడ్డం పట్టి తనవైపు తిప్పుకున్నాడు.

"ఇరగలేదని గట్ల మొఖం మాడ్చుకున్నవేందే బిడ్డా?"