రెండు చుక్కల పాలు

యాభైల్లో, కొత్త రాష్ట్రం ఏర్పడిన తొలి సంవత్సరాలవి. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. బేస్తవారిపేట దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటికి ఇచ్చిన మా అక్కకు ఒళ్ళంతా వాచింది. మూత్రపిండాల జబ్బని తేల్చిన మార్కాపురం డాక్టరు అప్పుడప్పుడే వస్తున్న స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాడు.

"ఇవి కొందరికి పడతాయి, కొందరికి పడవు. పడనివాళ్ళకు కీడే ఎక్కువ. మొహం చూసి చెప్పలేం, మాత్రలకే మొహం ఉబ్బుతుంది. మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే మాంసకృత్తు తగ్గితేనే మందు పట్టినట్టు" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. దేవుళ్ళూ దయ్యాలూ లేరని సభల్లో వాదాలకు దిగే వయసు నాది. తన మందును నమ్మమనకుండా, పరీక్షించి చూద్దామన్న వైద్యుణ్ణి నేను అంతకుముందు ఎరగను.

కొన్ని వారాలకు అక్కనూ ఆమె అత్తనూ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇంటి నుంచి సీసాలో తెచ్చిన మూత్రాన్ని డాక్టరు గాజు గొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద కాచి, ఒక చుక్క ఆమ్లం వేశాడు. తెల్లగా ముద్ద కట్టింది.

"తగ్గలేదు. మాత్రలు మాన్పించేద్దాం."

అక్క తల వంచుకుంది. ఆయన దగ్గర ఇక వేరే మందు లేదని మాకు తెలుసు.

అత్త గొట్టంలోకి తొంగి చూసింది. "పాలు ఇరిగినట్టే ఉందే! నేను ఏసింది రెండు చుక్కలే గదయ్యా!"

"పాలేంది అత్తా?" అన్నాను.

"మనిషి ఒంటి నీళ్ళు పరాయి చేతిలో పడితే ఎవురేం చేస్తారో! పాలు కలిపితే ఏ మంత్రమూ పారదు. నా కోడల్ని నేను కాపాడుకోవద్దా?"

"నీ కాపుదల మా అక్క ప్రాణం తీసేది!"

"అరుస్తావేంది? మీ ఇంట్లో ఎంటికలూ గోళ్ళూ బజార్న పారేస్తారేమో, మేం అట్ల పారెయ్యం."

డాక్టరు నవ్వు ఆపుకుంటూ అక్కను పెరట్లోకి పంపాడు. ఆమె కొత్తగా తెచ్చిచ్చిన మూత్రాన్ని కాచి, వెలుగుకు ఎత్తి పట్టాడు. పలచటి మసక, అంతే.

"మందు పట్టింది. మాత్రలు ఆపొద్దు."

మూఢనమ్మకాల మీద గంటసేపటి ఉపన్యాసం నా నాలుక చివరే ఉంది. అత్త నా వైపు చూడనే లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని డాక్టరుకు దగ్గరగా జరిగింది.

"ఇంకోసారి కాంచు నాయనా. పాలు లేకుండా ఒకటి, పాలు ఏసి ఒకటి. రెండూ నా కండ్లతో చూడాల."

డాక్టరు రెండో గొట్టం కడుగుతుంటే, నేను గ్లాసు పట్టుకుని పాల కోసం కాఫీ హోటలుకు పరిగెత్తాను.