దాపటెద్దు, ఎలపటెద్దు

ఎనభైల్లో నేను కుప్పంలో విలేకరిగా ఉన్నప్పుడు, కొడుకుల్ని సైనిక పాఠశాలకు పంపాలనుకునే తండ్రులు నా దగ్గరికి వచ్చేవారు. “ఆడ నెగ్గాలంటే ఏం సదివించాలప్పా?” అని అడిగేవారు. పుస్తకాల పేర్లు చెప్పేవాణ్ని గానీ నా మనసులో మెదిలేది మా ఎద్దు.

పుంగనూరు దగ్గర మా పల్లె నుంచి ఆ బడికి వెళ్ళిన మొదటివాణ్ని నేను. అందుకోసం రెండేళ్ళు మదనపల్లెలో, రిటైరైన లెక్కల అయ్యవారి అరుగు మీద కూర్చుని చదివాను. పరీక్ష గట్టెక్కాను. పేరేడ్ మైదానంలో చిక్కుకున్నాను.

హవల్దారు “దాహినే ముడ్!” అని కేక వేసేవాడు. హిందీలో కుడికి తిరగమని. అందరూ కుడికి తిరిగితే నేనొక్కణ్నే ఎడమకు తిరిగి, పక్కవాడి ముక్కుకు ముక్కు ఆనించి నిలబడేవాణ్ని. మా ఇంట్లో దున్నే మడకకు ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది ఎలపటెద్దు. ‘దా’ అని చెవిన పడగానే నా ఒళ్ళు ఎడమకు పోయేది. అర్థం తెలిశాక కూడా అంతే.

దసరా సెలవుల తర్వాత కూడా ఇలాగే ఉంటే ఇంటికి పంపించేస్తామని హవల్దారు తేల్చి చెప్పాడు.

పై తరగతిలో ఒక కుప్పం అన్న ఉండేవాడు. “యాలప్పా, కుడిసెయ్యి యాడుందో తెలీదా నీకు?” అన్నాడు.

“తెలుసన్నా. దా అంటే దాపటెద్దు గుర్తొస్తాది.”

పగలబడి నవ్వాడు. “ఈడ మడక యాడుందిరా! ఇంగ నీ పేరు దాపటప్ప, పో!”

మర్నాటికి బడంతా అదే పేరు. అయినా రోజూ బూరా ఊదకముందే నన్ను లేపి, నాతో డ్రిల్లు చేయించింది ఆ అన్నే. ఒళ్ళు మాత్రం మాట వినలేదు.

సెలవులకు వచ్చేసరికి నాయన ఉలవలకు దున్నుతున్నాడు. సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. మడక ఆపాడు.

“ఆ మాటేందో ఇంగోసారి సెప్పు.”

“దాహినే.”

కుడివైపు ఎద్దు వీపు మీద చెయ్యి వేశాడు. “సరే. నువ్వు పొయ్యేదాకా దీని పేరు దాయినే. మేడి పట్టుకో.”

సాలు చివరికి వచ్చినప్పుడల్లా నా చేత “దాహినే!” అని అరిపించి, ఎద్దుల్ని కుడికి మళ్ళించేవాడు. పక్క చేలో కలుపు తీసే ఆడవాళ్ళు “ఎద్దుకు హిందీ నేర్పిస్తాండావాప్పా?” అని ఎగతాళి చేశారు. “ఎద్దుకు ముందే వచ్చు, వీడికే నేర్పిస్తాండా,” అన్నాడు నాయన. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆపుదామని నేనూ అనలేదు, ఆయనా అనలేదు.

సెలవులయ్యాక మొదటి ఉదయమే హవల్దారు నన్ను ఒంటరిగా ముందుకు పిలిచాడు.

“దాహినే ముడ్!”

కళ్ళ ముందు ఎలపటెద్దు మూపురం కదిలింది. మడమ కుడికి తిరిగింది. మరో మూడుసార్లు కేక వేశాడు. మూడుసార్లూ కుడికే తిరిగాను. వెళ్ళి వరసలో నిలబడమని చేత్తో చూపించాడు.

“ఇంగ పేరు మార్సాల్నా ఏమప్పా?” అన్నాడు కుప్పం అన్న.

“ఉండనీలే అన్నా.”

ఆ సాయంత్రమే ఇంటికి కార్డు రాశాను: “నాయనా, నన్ను ఇక్కడే ఉండనిచ్చారు. దాహినేకు రెండు పిడికిళ్ళు ఉలవలు ఎక్కువ పెట్టు.”