ఎడమ వైపు నుంచి తెరిచిన నోటుబుక్కు

నా చిన్నప్పుడు సిద్దిపేటలో తెల్లకాగితం దొరకడం గగనంగా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మా బాపు దుకాణంలో పొట్లాలు విప్పిన కాగితాలను కూడా చదును చేసి దాచేవాడు. నలుగురిలో నోరు విప్పలేని నేను, చెప్పాలనుకున్నవన్నీ ఆ కాగితాల మీద రాసుకుని బియ్యం గుమ్మి వెనక దాచుకునేదాన్ని. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ సంగతి తెలిసిన మనిషి పక్కింటి అక్క ఒక్కతే.

అక్క మా వీధి నుంచి హైదరాబాదు కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్ల. అక్కడ ఆమె చదువుతున్నది రసాయన శాస్త్రం. నిజాం రోజుల్లో కాలేజీ చదువు ఉర్దూలోనే, అందరూ దాన్ని కీమియా అనేవాళ్ళు. పరీక్ష ఒక్కసారి తప్పినా చదువు మానేసి ఇంటికి రావాలన్న షరతు మీద వాళ్ళ నాయిన పంపాడు. మొదటి ఏడాది పరీక్షలకు నెల ముందు నాలుగు రోజుల సెలవుకు వచ్చింది. నేను వెళ్ళేసరికి చుట్టాల మధ్య కూర్చుని తల ఆరబెట్టుకుంటూ ఉంది. "నీకొక నోటుబుక్కు తెచ్చిన పిల్లా. అల్మారీల ఉన్నది, తీస్కపో" అంది.

అల్మారీలో ఒకే రకం అట్ట వేసినవి రెండు ఉన్నాయి. ఏది నాదో అడగాలి. అంతమంది ముందు అడగలేకపోయాను. పైదాన్ని తీసి నాలుగు పేజీలు తిప్పాను. మూలన నాకు తెలియని చిన్న గుర్తులు తప్ప అన్నీ తెల్లగా ఉన్నాయి. ఇదే నాదనుకుని ఇంటికి పరుగెత్తాను.

అంత నున్నటి కాగితం మీద రాయడం నాకు అదే మొదలు. తాతయ్య సిరాబుడ్డి తెచ్చుకుని మూడు రోజుల్లో మూడు పేజీలు రాశాను. మూడో పేజీలో రాసిన మాటలు ఇవి: అక్క పరీక్ష తప్పాలి. తప్పితే ఇక్కడే ఉంటుంది. నాకు మాట్లాడడానికి ఒక మనిషి ఉంటుంది.

నాలుగో రోజు సాయంత్రం వాళ్ళ అవ్వ, గాడ మీకేం నేర్పుతరో చెప్పమని అక్కను అడిగింది. కాలేజీలో మొదటి రోజు ఇచ్చిన నియమాల కాగితం తెచ్చి, ఉర్దూలో ఉన్నదాన్ని అక్క మన మాటల్లో చదివింది. గంట కొట్టాక వస్తే తలుపు తీయరు. కొంగు నడుముకు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. తేజాబులో, అంటే యాసిడ్‌లో, నీళ్ళు పోస్తే చిమ్మి ముఖం కాలుతుంది, నీళ్ళలోనే తేజాబు పోయాలి. దేన్నీ నాలుక మీద పెట్టరాదు.

"గందుకేనా ఇంటికొచ్చినా కూరల ఉప్పు సూస్తలేవు?" అంది వాళ్ళ అవ్వ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాతి నియమం వినగానే నా నవ్వు ఆగిపోయింది. చేసిన ప్రతి పనీ నోటుబుక్కులో సిరాతోనే రాయాలి. పేజీలకు కాలేజీ వాళ్ళే అంకెలు వేస్తారు. ఒక్క పేజీ చింపేసినా పుస్తకం చెల్లదు. పుస్తకం చెల్లకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. తప్పు రాస్తే గీకరాదు, తుడపరాదు. కింది అక్షరాలు కనబడేట్టు ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం చేయాలి.

చూపిస్తానని అక్క లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి తెరిచింది. కుడి వైపు నుంచి తెరిచింది. ఖాళీగా ఉంది.

నేను ఎప్పుడు లేచి వచ్చానో నాకే తెలియదు. గుమ్మి వెనక నుంచి పుస్తకం తీసి, నేనూ కుడి వైపు నుంచి తెరిచాను. పేజీల నిండా ముత్యాల్లాంటి ఉర్దూ అక్షరాలు, గాజు గొట్టాల బొమ్మలు, ఎర్ర సిరా సంతకాలు. నాకు ఉర్దూ రాదు, ఆ పుస్తకాలు కుడి వైపు నుంచి మొదలవుతాయని తెలియదు. తాతయ్య దగ్గర తెలుగే నేర్చుకున్నాను, పుస్తకం ఎడమ వైపు నుంచే మొదలవుతుందని నమ్మాను.

నా మూడు పేజీలూ చింపేద్దామని పైన పట్టుకుని లాగాను. వేలెడంత చిరిగాక అక్క చదివిన నియమం గుర్తొచ్చి ఆగిపోయాను. తడి గుడ్డతో తుడిచాను, సిరా పాకింది. అప్పుడే గోడ మీది నుంచి అక్క గొంతు వినబడింది.

"పిల్లా, నా బుక్కు గిట్ల సూసినవా?"

"లేదక్కా" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. గోడ అవతల పెట్టెలు తీస్తున్న చప్పుడు, వాళ్ళ నాయిన కోపం, వాళ్ళ అవ్వ ఏడుపు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. నేను రాసుకున్న కోరిక నా చేతుల మీదుగానే నెరవేరబోతోంది. పొయ్యిలో పడేస్తే ఎవరికీ తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ ఆలోచనకే భయపడ్డాను. నా కోరిక బయటపడుతుందన్న భయం అంతకంటే తక్కువేమీ కాదు.

తెల్లవారి, గజ్వేల్ మీదుగా పోయే బస్సు కోసం అక్క ట్రంకు పెట్టె గడప దాటించింది. వాచిన కళ్ళతో నిలబడి ఉంది. పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. అక్క మూడు పేజీలూ నిలబడే చదివింది. మూడో పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

పెట్టె మూత మీద పుస్తకం పరిచి, కలం తీసింది. మొత్తం నల్లగా పూసెయ్యమని కాళ్ళు పట్టుకున్నాను.

"నల్లగ పూస్తే ఏం దాసిన్నో అనుకుంటరు. ఒక్క గీత కొడితే తప్పేందో కనబడ్తది, అయిపోతది" అంది.

ఒక్కో పేజీకి ఒక్కో గీత కొట్టింది. చిరిగిన చోట కూడా ఏదో రాసి సంతకం చేసింది. తర్వాత కలం నాకిచ్చింది. ఆమె పేరు కింద, వంకర అక్షరాలతో నా పేరు తెలుగులో రాశాను. అక్క నా తల మీద చెయ్యి వేసి, "గిప్పుడు ఏడ్వకు. అల్మారీల రెండు ఉంటే ఏది నాదని అడగరాదా?" అని బస్సుకు వెళ్ళిపోయింది.

మూడు వారాలు అన్నం సహించలేదు. పోస్టుమాన్ వీధిలోకి వస్తే లోపలికి పారిపోయేదాన్ని. చివరికి ఒక కార్డు వచ్చింది. కాలేజీ పంతులమ్మకు తెలుగు చదవడం రాదట, మూడు పేజీల్లో ఏముందని అడిగిందట. అక్క మొత్తం చదివి ఉర్దూలో చెప్పిందట, మూడో పేజీతో సహా. పంతులమ్మ రెండు మార్కులు తగ్గించి, గీతల పక్కన తనూ సంతకం చేసిందట. కార్డు చివర, 'పరీక్షకు కూర్చోనిస్తున్నరు. నీ కోరిక తీరేటట్టు లేదు చెల్లె' అని ఉంది.

ఇన్నేళ్ళయినా కొత్త నోటుబుక్కు కొంటే రెండు వైపులా తెరిచి చూడందే కలం పెట్టను. తెలియనిది నలుగురిలో అడగడానికి ఇప్పటికీ బెరుకే, అయినా అడుగుతాను. నా డైరీల్లో కొట్టివేతలు చాలా ఉన్నాయి. నిన్న కూడా, కోపంలో కోడలి గురించి రాయకూడని మాట రాశాను. పొద్దున చదువుకుని సిగ్గుపడి ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం చేశాను. గీత కింద ఆ మాట స్పష్టంగా కనబడుతూనే ఉంది.