ఒక దీపం చాలన్న సిపాయి

సిపాయి సెబాస్టియన్‌కి చట్టమంటే ప్రాణం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఫ్రెంచివాళ్ల కొలువులో ఎర్రటోపీ పెట్టుకుని యానాం వీధులన్నీ తిరిగిన రోజుల్లో ఒకడి చేతి కాఫీ కూడా తాగి ఎరగడు. చీకటి పడ్డాక దీపం లేకుండా సైకిలు తొక్కుకొచ్చేవాడు ఎవడైనా సరే, దింపి, టైర్లలో గాలి తీసేసి, ఇంటిదాకా నడిపించేవాడు. ఒకసారి సొంత బావమరిదినే అలా నడిపించాడు. ఆ బావమరిది ఏడాదిపాటు గుమ్మం తొక్కలేదు. సెబాస్టియన్ ఆ సంగతి కూడా గొప్పగానే చెప్పుకునేవాడు.

యాభై నాలుగులో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు. టోపీ ట్రంకుపెట్టెలోకి చేరింది, ఈయన పెన్షనులోకి చేరాడు. పొద్దుపోక అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ రోజుల్లో ఊళ్లో ఏ చట్టం పోయిందో, ఏది ఉందో, ఏది రాబోతోందో కచేరీలో గుమాస్తాలకే సరిగ్గా అంతుపట్టేది కాదు. అందుకని గోడ తగాదాలవాళ్లూ గట్టు తగాదాలవాళ్లూ అందరూ ఈ అరుగు దగ్గరికే వచ్చేవారు. ఆయన గొంతు సవరించుకుని చెప్పేవాడు. తెలిసినదైతే సరే. తెలియనిదైతే? తెలియదన్న మాట ఆ నోట ఎవరూ వినలేదు. మా ఆయనకి అన్నీ వచ్చుగానీ తెలీదనడం ఒక్కటే రాదని భార్య జోసెఫిన్ ఇరుగమ్మలతో అని నవ్వేది. నవ్వులాటకి అన్నా అదే ఆయన జబ్బు.

యాభై ఆరులో, వానలు ఇంకా వెనకపట్టలేదు, ఒక సాయంత్రం అరుగు ముందు టాక్సీ ఆగింది. నడిపేవాడు కనకాలపేట ఉమామహేశ్వరం. కారు షావుకారుది, కష్టం ఇతనిది. రెండ్రోజులుగా కుడివైపు దీపం వెలగడం లేదనీ, బల్బు కాకినాడలో తప్ప దొరకదనీ, రైలు అందుకోవాల్సిన వాళ్లు ఎక్కి కూర్చున్నారనీ, షావుకారేమో పోరా ఏం కాదంటున్నాడనీ చెప్పాడు. ఉమామహేశ్వరం భయస్థుడు. తప్పయితే వెళ్లకూడదనే అతని ఆలోచన. అందుకే దారిలో బండి ఆపి మరీ అడిగాడు.

"ఒక్క దీపంతో ఎల్తే చట్టం ఒప్పుద్దాండి సిపాయిగారూ?"

అప్పుడు అరుగు మీద మరో నలుగురు ఉన్నారు. సెబాస్టియన్ జన్మలో ఒక్క కారుని ఆపి చూసినవాడు కాదు. ఆయన కాలంలో ఊళ్లో కార్లెన్నని? ఆయన ఆపినవన్నీ సైకిళ్లూ జట్కాలూను. సైకిలుకి ఒక దీపం ఉంటే వదిలేసేవాడు. ఆ లెక్కే తెచ్చి కారుకి అంటగట్టాడు.

"చట్టం దీపం ఉండాలంది గానీ రెండుండాలని ఎక్కడందిరా? ఒకటుందిగా, పో."

ఉమామహేశ్వరం మొహం విచ్చుకుంది. దణ్ణం పెట్టి బండెక్కాడు. తెలియదు నాయనా, కచేరీలో కనుక్కో అంటే పోయేదేముంది చెప్పండి! నోరు నొప్పెడుతుందా?

ఊరు దాటాక ఎదురుగా వీరవెంకటం సైకిలు మీద వస్తున్నాడు. పెళ్లిలో సన్నాయి వాయించి, వాద్యం గుడ్డసంచిలో వేసి భుజాన తగిలించుకుని, ఇంటికి వస్తున్నాడు. అతనికి దూరంగా రోడ్డు ఆ చివర ఒక్క దీపం కనబడింది. ఎవడో సైకిలువాడనుకున్నాడు. రోడ్డు బోలెడంత ఉందిగదా అని నడిమధ్యనే తొక్కుకొచ్చాడు. దీపం లేని కుడివైపు మడ్గార్డు అతన్ని ఎగరగొట్టి కాలవగట్టు మీద పడేసింది.

ప్రాణం పోలేదు. కుడి మణికట్టు నుజ్జయింది. ఎముక అతుక్కుంది గానీ వేళ్లు వంగడం మానేశాయి. ఆ ఏడు చర్చి పండగకి మేళం ద్రాక్షారం నుంచి తెప్పించారు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా గుళ్లో కల్యాణానికైనా, చర్చిలో ఊరేగింపుకైనా వీరవెంకటం సన్నాయే. ఇప్పుడు అతను చెయ్యి కండువా కింద దాచుకుని, జనంలో నిలబడి, పరాయివాడి పాట విన్నాడు. సెబాస్టియన్ అతన్ని చూసి, పండగ పూర్తికాకుండానే ఇంటికొచ్చేశాడు.

అసలు పాపం మాత్రం విచారణ రోజున జరిగింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు ముందు ఉమామహేశ్వరం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. సెబాస్టియన్ కూడా ఇస్త్రీ కోటు తొడుక్కుని వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాడు. అడిగితే చెప్పాలనే వెళ్లాడు. ఒంటిదీపంతో కారు నడపడం తప్పని తెలియదా అని ఆఫీసరు అడిగాడు. తెలిసిన పెద్దమనిషిని అడిగానండి, పర్లేదన్నారండి అన్నాడు ఉమామహేశ్వరం. ఎవరా పెద్దమనిషి అన్నాడు ఆఫీసరు.

ఉమామహేశ్వరం పలకలేదు. అరుగు మీద ఆ సాయంత్రం ఉన్నవాళ్లూ పలకలేదు. కొత్త దొరతనం, కొత్త ఆఫీసరు, సెబాస్టియన్ పెన్షను కాగితాలు ఇంకా ఆ ఆఫీసరు చేతిలోనే ఉన్నాయి. ఇంతమందిలో లేచి, నాకు తెలియకుండానే చెప్పానండి అనాలి. అనలేకపోయాడు. చివరికి ఆఫీసరు, తప్పు చేసింది చాలక అబద్ధం కూడానా అని కసిరి, లైసెన్సు రద్దు చేశాడు. షావుకారు మర్నాడే కారు ఇంకొకడికిచ్చాడు. ఉమామహేశ్వరం రేవులో బస్తాలు మొయ్యడానికి కుదిరాడు. స్టీరింగు తప్ప మరో బరువెరగని మనిషి, పాపం. దారిలో కనబడితే మాత్రం, ఎప్పటిలాగే దణ్ణమండి సిపాయిగారూ అనేవాడు. అతను నాలుగు తిట్టి ఉంటే సెబాస్టియన్‌కి అన్నం సయించేదేమో.

పడక్కుర్చీ లోపలికి పోయింది. ఎవరైనా సలహాకి వస్తే ఒంట్లో బాగాలేదని జోసెఫిన్ చేత చెప్పించేవాడు. అలా ఏడాది దాటింది. ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఇక ఉండబట్టలేక కనకాలపేట వెళ్లాడు. క్షమించమని కాళ్లు పట్టుకోవాలన్నా సిద్ధపడే వెళ్లాడు. ఉమామహేశ్వరం రేవులో ఉన్నాడట. అతని భార్య సరోజిని పీట వేసి, మంచినీళ్లిచ్చి, ఎదురుగా నిలబడింది.

"ఆ రోజు మీ ఆయన నా పేరు చెప్పలేదేమ్మా?" అన్నాడు సెబాస్టియన్.

"నేనూ అదే పోట్టాడేనండి," అంది సరోజిని. ఆమె మాటలో కోపం లేదు. "పెద్దాయన అక్కడే ఉన్నారు, నేను ముందే పేరెట్టేత్తే నలుగుర్లో తలెత్తుకోలేరు, ఆయనంతట ఆయన లేచి చెప్పుకుంటే మర్యాదగా ఉంటాదే అన్నారండి. మీరు బల్ల మీద కాత్త కదిలేరంట గదండీ. అదుగో, లేత్తన్నారనుకున్నారంట. ఆఫీసరుగారు సంతకం ఎట్టేదాకా మీ ఏపే చూసేరంట."

కదిలిన మాట నిజమే. ముందు కూర్చున్నవాడి వీపు చాటుకి జరగడానికి కదిలాడు. గ్లాసులో మంచినీళ్లు తాగి, వస్తానమ్మా అని లేచి, మళ్లీ ఏమీ చెప్పకుండానే ఇంటికొచ్చేశాడు.